నైట్రో ట్రక్కు కొత్త ఇంజన్: రన్నింగ్, ట్యూనింగ్ వివాదాల సమీక్ష

రిమోట్ కంట్రోల్ ట్రక్కుల్లో బ్యాటరీతో నడిచేవి కొన్ని, ఇంజన్‌తో నడిచేవి కొన్ని. ఈ రెండో రకంలో ఉండేది పిడికిట్లో పట్టే టూ స్ట్రోక్ ఇంజన్. మిథనాల్, నైట్రోమీథేన్, నూనె కలిపిన ఇంధనంతో నడుస్తుంది కాబట్టి దాన్ని నైట్రో ఇంజన్ అంటారు. ఉన్నది రెండున్నర, మూడున్నర సీసీలే అయినా నిమిషానికి 30 వేల చుట్లు తిరగగల సత్తా దానికి ఉంది. అంటే సెకనుకు 500 సార్లు పిస్టన్ పైకీ కిందికీ పోయి వస్తుంది.

అంత వేగంగా తిరిగే యంత్రాన్ని మొదటి గంటలో ఎలా నడపాలన్నదే ఇక్కడి ప్రశ్న. మనకు ఈ సంగతి కొత్తది కాదు. లూనా, ఆర్‌ఎక్స్ 100 కాలంలో కొత్త బండి కొన్నవాళ్లు నెలల తరబడి "రన్నింగ్‌లో ఉంది" అంటూ నెమ్మదిగా నడిపేవాళ్లు. మొదటి సర్వీసింగు దాకా వేగం పెంచొద్దని మెకానిక్ మరీ మరీ చెప్పేవాడు. నైట్రో ట్రక్కు విషయంలో ఆ ఒక్క మాట దొరకదు. ఐదు ట్యాంకులు కదలకుండా ఐడ్లింగ్‌లో ఉంచమని ఒకరంటారు. ఐడ్లింగ్‌లో ఉంచితేనే పాడవుతుందని ఇంకొకరంటారు. హెడ్డుకు అల్యూమినియం రేకు చుట్టి వేడెక్కించమని మూడో వ్యక్తి చెబుతాడు. ముగ్గురికీ పాతికేళ్ల అనుభవం ఉండొచ్చు, ముగ్గురి ఇంజన్లూ బాగానే నడుస్తూ ఉండొచ్చు. ఈ చిక్కు ఎలా పడిందో, ఇందులో ఏ ముడి విప్పగలమో, ఏది ఇంకా విడలేదో పరిశీలించడం ఈ వ్యాసం పని.

విమానాల నుంచి వచ్చిన అలవాటు

ఈ ఇంజన్లు ముందు ఎగిరాయి, తర్వాతే నేల మీద పరిగెత్తాయి. అమెరికాలో 1934లో వచ్చిన బ్రౌన్ జూనియర్ నమూనా విమానాల ఇంజన్. అది పెట్రోలుతో, స్పార్క్ ప్లగ్గుతో నడిచేది. కాయిలు, కండెన్సరు, బ్యాటరీ అన్నీ ఆ చిన్న విమానమే మోయాల్సి వచ్చేది. 1947లో రే ఆర్డెన్ గ్లో ప్లగ్గును అమ్మకానికి తేవడంతో ఆ బరువంతా తప్పింది. గ్లో ప్లగ్గులో ఉండేది సన్నటి ప్లాటినం మిశ్రమం తీగ చుట్ట. స్టార్ట్ చేసేటప్పుడు ఒకటిన్నర వోల్టుల బ్యాటరీతో దాన్ని ఎర్రబడేలా చేస్తే చాలు. ఆపైన మిథనాల్ ఆవిరి ప్లాటినం మీద జరిపే రసాయన చర్య, సిలిండర్‌లోని ఒత్తిడి, వేడి కలిసి తీగను చల్లారనివ్వవు. బ్యాటరీ తీసేసినా ఇంజన్ నడుస్తూనే ఉంటుంది.

ఆ రోజుల్లో సాధారణంగా ఇనుప పిస్టన్ ఉక్కు స్లీవులో, అంటే సిలిండర్ లోపలి గొట్టంలో కదిలేది, లేదంటే అల్యూమినియం పిస్టన్‌కు రింగులుండేవి. రెండు భాగాలూ ఒకదాన్నొకటి అరగదీసుకుని ఒద్దికకు రావాలంటే చాలాసేపు పట్టేది. అందుకని ఇంజన్‌ను బల్లకు బిగించి, పెద్ద ప్రొపెల్లర్ పెట్టి, ఇంధనం ధారాళంగా వదిలి గంటల కొద్దీ నడిపేవాళ్లు. ఆ లోహాలకు అది సరైన పద్ధతే.

1960లలో ఏబీసీ నిర్మాణం వచ్చింది. అల్యూమినియం పిస్టన్, ఇత్తడి స్లీవు, స్లీవు లోపల క్రోమ్ పూత. రింగుల అవసరం పోయింది. స్లీవును కూడా అల్యూమినియంతో చేసినది ఏఏసీ. ఈనాటి నైట్రో ట్రక్కుల్లో ఉండేది దాదాపుగా ఈ కుటుంబపు ఇంజన్లే. లోహం మారిపోయినా సలహా మాత్రం పాతదే మిగిలింది. బల్ల మీద బిగించి నెమ్మదిగా, చల్లగా, గంటల కొద్దీ నడపమనే మాట ఒక తరం నుంచి మరో తరానికి అలాగే అందింది.

ఇక ట్రక్కుల వల్ల ఈ చర్చ ఎంతో మందికి చేరింది. 1999లో ట్రాక్సస్ సంస్థ టీ-మ్యాక్స్ అనే మాన్‌స్టర్ ట్రక్కును తెచ్చింది. రెండు గేర్లు, రివర్సు, తాడు లాగే పని లేకుండా మీట నొక్కితే స్టార్టయ్యే ఏర్పాటు. అంతకు ముందు నైట్రో బండ్లు ఎక్కువగా పందెగాళ్ల చేతుల్లో ఉండేవి, వాళ్లకు పక్కన నేర్పేవాళ్లు ఉండేవాళ్లు. టీ-మ్యాక్స్, ఆ తర్వాత హెచ్‌పీఐ సావేజ్ లాంటి బండ్లతో ఇంజన్ ముఖం ఎన్నడూ చూడనివాళ్లు వేల సంఖ్యలో ఇందులోకి వచ్చారు. కొత్తవాళ్లకు తయారీదారులు ట్యాంకుల లెక్కన దశలు రాసిచ్చారు. పందెగాళ్లు తమ పద్ధతి చెప్పారు. విమానాల పాతకాపులు తమది చెప్పారు. మూడు సంప్రదాయాలూ ఒకే ఇంజన్ మీద వచ్చి పడ్డాయి.

పించ్: గొడవంతా ఈ బిగువు గురించే

కొత్త ఏబీసీ ఇంజన్ ఫ్లైవీల్‌ను చేత్తో తిప్పి చూడండి. కొంత దూరం సాఫీగా తిరిగి, పిస్టన్ పై కొసకు చేరేసరికి బిగుసుకుపోతుంది. ఇంకాస్త బలం పెడితే సన్నగా కిర్రుమని దాటుతుంది. కొన్ని ఇంజన్లు ఆ చోట అసలు దాటవు, గ్లో ప్లగ్గును ఒక చుట్టు వదులు చేస్తే గానీ కదలవు. మొదటిసారి చూసినవాళ్లు ఇంజన్ పట్టేసిందనుకుంటారు. అది లోపం కాదు. స్లీవును పైన ఇరుకుగా, కింద వెడల్పుగా కావాలనే చేస్తారు. ఈ ఇరుకునే పించ్ అంటారు.

ఎందుకలా చేస్తారంటే, ఇంజన్ నడిచేటప్పుడు మంట ఉండేది పైన. స్లీవు పైభాగం ఎక్కువ వేడెక్కి ఎక్కువ వ్యాకోచిస్తుంది. 16 మిల్లీమీటర్ల ఇత్తడి కట్టును 100 డిగ్రీల సెల్సియస్ మేర వేడి చేస్తే దాని వ్యాసం సుమారు 0.03 మిల్లీమీటర్లు పెరుగుతుంది. పిస్టన్‌కు వాడేది సిలికాన్ ఎక్కువగా కలిపిన అల్యూమినియం. అది మామూలు అల్యూమినియం కన్నా తక్కువ వ్యాకోచిస్తుంది. ఇంజన్ తన వేడికి వచ్చాక స్లీవు పైన తెరుచుకుని, పైనుంచి కిందికి దాదాపు ఒకే వెడల్పుకు వస్తుంది. రింగు లేకుండానే పిస్టన్ సరిగ్గా సరిపోతుంది. అంటే ఈ ఇంజన్‌కు కొలత తీసింది చల్లగా ఉన్నప్పటి స్థితికి కాదు, వేడిగా ఉన్నప్పటి స్థితికి.

దీంతో పాత సలహాలోని ఇబ్బంది బయటపడుతుంది. చల్లటి ఏబీసీ ఇంజన్‌ను గంటల కొద్దీ తిప్పితే, తెరుచుకోని ఇరుకులోకి పిస్టన్ ప్రతి చుట్టుకూ గుద్దుకుంటూ పోతుంది. వేడిలో గాలి, మంట బయటికి పోకుండా ఆపాల్సిన బిగువు ముందే అరిగిపోతుంది. ఆ భారమంతా కనెక్టింగ్ రాడ్డు, దాని బుష్‌ల మీద పడుతుంది. రన్నింగ్ అయిపోయిందని మురిసేసరికి కంప్రెషన్ సగం పోయి ఉంటుంది.

అయితే దీనికి ఎదురుగా నిలిచే నిజం ఒకటుంది. కొత్త ఇంజన్‌లో భాగాల ముఖాలు ఇంకా గరుకుగా ఉంటాయి, రాపిడి ఎక్కువ. దానికి నూనె కావాలి, చల్లదనం కావాలి. ఈ ఇంజన్‌కు వేరే నూనె ట్యాంకు లేదు, ఇంధనంతో పాటే నూనె లోపలికి పోతుంది. ఇంధనం తగ్గిస్తే నూనె కూడా తగ్గుతుంది. పైగా మిథనాల్ ఆవిరి కావడానికి పెట్రోలు కన్నా సుమారు మూడు రెట్లు వేడిని లాక్కుంటుంది, ఇంజన్‌ను లోపలి నుంచి చల్లబరిచేది అదే. కాబట్టి రన్నింగ్‌లో మిశ్రమం రిచ్‌గా, అంటే ఇంధనం ఎక్కువగా ఉండాలి. కానీ రిచ్‌గా ఉంచితే ఇంజన్ వేడెక్కదు. వేడెక్కకపోతే పించ్ తెరుచుకోదు. ఒకే ఇంజన్ ఒకే సమయంలో ఈ రెండూ కోరుతుంది. రకరకాల పద్ధతులన్నీ ఈ మెలికను విప్పే ప్రయత్నాలే.

నాలుగు దారులు

మొదటిది బల్ల మీద ఐడ్లింగ్. చక్రాలు నేలకు తగలకుండా బండిని ఎత్తి పెట్టి, రిచ్‌గా ఉంచి, నాలుగైదు ట్యాంకులు అలాగే తిరగనివ్వాలి. దీనికి ఉన్న ఆకర్షణ దీని సులువు. కొత్తవాళ్ల కంగారులో ఇంజన్‌ను అతిగా రేజ్ చేసే ప్రమాదం ఉండదు. కానీ ఐడ్లింగ్‌లో, అందులోనూ రిచ్‌గా ఉన్నప్పుడు, హెడ్డు చాలినంత వేడెక్కదు. పైన చెప్పిన లోహాల లెక్క ప్రకారం ఏబీసీకి ఇది అన్నిటికన్నా చెడ్డ దారి. రింగు ఉన్న ఇంజన్‌కైతే అభ్యంతరం లేదు. ఈ పద్ధతిని సమర్థించే పాతవాళ్లు అబద్ధం చెప్పడం లేదు, వేరే ఇంజన్ గురించి చెబుతున్నారు.

రెండోది ట్యాంకుల లెక్కన నేల మీద నడపడం. ట్రక్కులతో వచ్చే పుస్తకాల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. చదునైన చోట, మిశ్రమం రిచ్‌గా ఉంచి, మొదటి ట్యాంకులో థ్రాటిల్ పావు వంతు దాటకుండా, తర్వాత సగం, ఆ తర్వాత క్షణకాలం పూర్తిగా, ఇలా ఐదు ట్యాంకుల దాకా పెంచుతూ పోతారు. తొలి ట్యాంకులు బాడీ తీసేసి నడపమనడం, మధ్యలో ఆపి చల్లారనివ్వమనడం కూడా మామూలే. ఇంజన్ మీద బరువు పడుతుంది కాబట్టి బల్ల మీద కన్నా వేడెక్కుతుంది. ఒక్కో ట్యాంకుకు ఏం చేయాలో రాసి ఉంటుంది కాబట్టి కొత్తవాళ్లు పాటించగలరు. లోటు ఏమిటంటే, ఆ దశలు థ్రాటిల్‌ను కొలుస్తాయి గానీ వేడిని కొలవవు. చలికాలం పొద్దున్నే పావు థ్రాటిల్‌తో నడిపిన ఇంజన్ 60 డిగ్రీల సెల్సియస్ కూడా దాటకపోవచ్చు.

మూడోది వేడి, విరామం వంతుల పద్ధతి. హీట్ సైకిల్ అంటారు. స్టార్ట్ చేయడానికి ముందే హెయిర్ డ్రయ్యర్‌తోనో హీట్ గన్‌తోనో ఇంజన్‌ను 70 నుంచి 90 డిగ్రీల దాకా వెచ్చబెడతారు. అప్పుడు ఫ్లైవీల్‌ను తిప్పితే, ఇందాక కిర్రుమని బిగుసుకున్న చోటే చేతికి మెత్తగా దాటుతుంది. పించ్ తెరుచుకోవడమంటే ఏమిటో అప్పుడు చేతికే తెలుస్తుంది. తర్వాత స్టార్ట్ చేసి, మిశ్రమాన్ని మామూలుకన్నా కాస్త రిచ్‌గా ఉంచి, హెడ్డు వేడి 93 నుంచి 105 డిగ్రీల మధ్య ఉండేలా రెండు మూడు నిమిషాలు నడుపుతారు. పందెగాళ్లు వాడే ఫారెన్‌హీట్ లెక్కలో ఇది 200 నుంచి 220. అంత వేడి రాకపోతే మిశ్రమాన్ని లీన్ చేయరు, అంటే ఇంధనం తగ్గించరు. హెడ్డు రెక్కల చుట్టూ అల్యూమినియం రేకో గుడ్డో చుట్టి గాలిని అడ్డుకుంటారు. ఆపి పూర్తిగా చల్లారనిస్తారు. మళ్లీ వెచ్చబెట్టి మళ్లీ నడుపుతారు, ప్రతిసారి కాస్త ఎక్కువసేపు, కాస్త ఎక్కువ థ్రాటిల్‌తో. రిచ్‌నూ వేడినీ ఒకేచోటికి తెచ్చిన పద్ధతి ఇది. ఓపిక కావాలి, ఉష్ణోగ్రత గన్ కావాలి, ఒక పూట పడుతుంది.

నాలుగోది, మొదటి ట్యాంకు నుంచే దాదాపు పందెం ట్యూనింగ్‌లో నడిపేయడం. ఇంజన్ ఏ వేడిలో, ఏ చుట్లలో బతకాలో అక్కడే ఒద్దికకు రావాలని వీళ్ల వాదం. వేడి విషయంలో వీళ్లు చెప్పేది తప్పు కాదు. కానీ నూనె తగ్గిన మిశ్రమంలో, ఇంకా అరగని బుష్ మీద 30 వేల చుట్ల భారం పెట్టడం తెలిసినవాళ్లు చేస్తే ఒక రకం, తెలియనివాళ్లు చేస్తే ఒక రకం. రిచ్, లీన్ తేడా చెవితో పట్టగలవాడు ఒక్క క్షణంలో థ్రాటిల్ వదిలేస్తాడు. కొత్తవాడికి అది తెలిసేసరికి రాడ్డు విరిగి ఉంటుంది.

పక్కపక్కన పెట్టి చూస్తే

నాలుగింటిని రెండు ప్రశ్నలతో కొలవొచ్చు: ఇంజన్ తగినంత వేడెక్కిందా, తగినంత నూనె అందిందా? బల్ల మీద ఐడ్లింగ్‌లో నూనె పుష్కలం, వేడి లేదు. పందెం ట్యూనింగ్‌లో వేడి ఉంది, నూనె చాలదు. ట్యాంకుల లెక్కలో నూనె ఉంది, వేడి వాతావరణాన్ని బట్టి వస్తే వస్తుంది. హీట్ సైకిల్‌లో రెండూ ఉన్నాయి, బదులుగా శ్రమ ఎక్కువ. ఈ వ్యాసకర్త మొగ్గు మూడో దారి వైపే. కొత్తవాళ్లకైతే ఇంకా తేలికైన మాట చెప్పొచ్చు: పుస్తకంలోని ట్యాంకుల లెక్కనే పాటించండి, కాకపోతే ప్రతి ట్యాంకుకు ముందు ఇంజన్‌ను వెచ్చబెట్టండి, హెడ్డు 93 డిగ్రీలకు రాకపోతే రేకు చుట్టండి. రెండో దారికి ఉన్న లోటు దీంతో చాలావరకు తీరిపోతుంది. వారంటీ ఉన్న బండికి తయారీదారు రాసినదాన్ని కాదని పూర్తిగా వేరే దారి పట్టడం మంచిది కాదు.

ఇంధనం: ఆముదం, నైట్రో, లేబుల్ మీద అంకె

రన్నింగ్ చర్చలో సగం ఇంధనం గురించే సాగుతుంది. అందులో పాత పేచీ ఆముదం మీద. మొదటి ప్రపంచ యుద్ధం నాటి విమానాల రోటరీ ఇంజన్లకు ఆముదమే నూనె. క్యాస్ట్రాల్ అనే పేరులో ఉన్నదీ ఆముదమే. అది మిథనాల్‌లో చక్కగా కలుస్తుంది, ఇంజన్ లీన్‌గా వేడెక్కినా లోహాన్ని వదలకుండా పట్టుకుని ఉంటుంది. ప్రపంచానికి ఆముదం ఎక్కువగా అందించేది మన దేశమే. గుజరాత్ ముందుంటుంది, తెలంగాణలో మహబూబ్‌నగర్, నల్లగొండ మెట్ట పొలాలదీ ఇందులో పాత పేరే. ఆముదంతో ఇబ్బంది ఏమిటంటే, వేడికి కాలి పిస్టన్ మీద, స్లీవు మీద గోధుమరంగు వార్నిష్‌లా అట్టకడుతుంది. సింథటిక్ నూనె శుభ్రంగా కాలుతుంది, కానీ వేడి హద్దు దాటితే తొందరగా చేతులెత్తేస్తుంది. ఇప్పటి ఇంధనాల్లో ఎక్కువ భాగం రెండూ కలిపినవే కాబట్టి ఈ పేచీ చాలావరకు సద్దుమణిగింది.

నైట్రో శాతం గురించి అపోహలు ఎక్కువ. నైట్రోమీథేన్ తన అణువులోనే ఆక్సిజన్ మోసుకొస్తుంది. ఒక కిలో పెట్రోలు కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి, మిథనాల్‌కు సుమారు 6.4, నైట్రోమీథేన్‌కు 1.7 చాలు. అందుకే ఒకే సిలిండర్‌లో ఎక్కువ ఇంధనం కాల్చి ఎక్కువ బలం రాబట్టవచ్చు. శాతం పెంచితే మిశ్రమం మారుతుంది, గ్లో ప్లగ్గు మార్చాల్సి రావొచ్చు, హెడ్డు కింద షిమ్ము కలిపి కంప్రెషన్ తగ్గించాల్సి రావొచ్చు. రన్నింగ్‌కు తక్కువ నైట్రో వాడి ఆ తర్వాత మార్చాలా, మొదటినుంచీ ఒకటే వాడాలా అన్నది ఇంకో పేచీ. ఇంధనం మారితే నీడిళ్లన్నీ మళ్లీ సరిచేయాలి, చేయి తిరగనివాళ్లు తప్పు చేసేది అక్కడే. ఎల్లకాలం వాడబోయే ఇంధనంతోనే రన్నింగ్ ఇవ్వడం మేలు. అందులో నూనె శాతం మరీ తక్కువ ఉండే పందెం ఇంధనం మాత్రం వద్దు.

డబ్బా మీది అంకె కూడా తిన్నగా ఉండదు. కొన్ని కంపెనీలు శాతాన్ని ఘనపరిమాణంలో చెబుతాయి, కొన్ని బరువులో. నైట్రోమీథేన్ బరువైన ద్రవం, కాబట్టి ఈ రెండు అంకెలూ ఒకటి కావు. యూరోపియన్ యూనియన్‌లో 2021 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం లైసెన్సు లేని సాధారణ ప్రజలకు బరువులో 16 శాతం మించిన నైట్రోమీథేన్ అమ్మకూడదు. పేలుడు పదార్థాల తయారీకి వాడతారన్న భయం దీనికి కారణం. బరువులో 16 అంటే ఘనపరిమాణంలో సుమారు 12 మాత్రమే. 25 శాతం ఇంధనంతో అమెరికాలో కుదిరిన నీడిల్ లెక్కను యూరప్‌లో ఉన్నవాళ్లు యథాతథంగా పాటిస్తే కుదరకపోవడానికి ఇదొక కారణం.

మిథనాల్ విషమన్న సంగతి మన దేశంలో కల్తీ సారా మరణాల వల్ల అందరికీ తెలుసు. దాని మంట పగటి వెలుగులో దాదాపు కనిపించదన్నది మాత్రం చాలామందికి తెలియదు. వేడి ఇంజన్ పక్కన ట్యాంకు నింపేటప్పుడు ఈ రెండూ గుర్తుండాలి. నోటితో పైపు పీల్చడం ఎప్పుడూ చేయకూడని పని.

ట్యూనింగ్: ఏ నీడిల్ ముందు?

కార్బ్యురేటర్‌లో తిప్పేవి మూడు. హై స్పీడ్ నీడిల్, లో స్పీడ్ నీడిల్, ఐడిల్ స్క్రూ. నీడిళ్లను బిగిస్తే ఇంధనం తగ్గి లీన్ అవుతుంది, వదులు చేస్తే పెరిగి రిచ్ అవుతుంది. ఐడిల్ స్క్రూ కార్బ్యురేటర్ గొంతు ఎంత తెరుచుకుని ఉండాలో మాత్రమే చెబుతుంది. మామూలుగా ఆ సందు అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు.

ఎక్కువమంది ముందు హై స్పీడ్ నీడిల్ అంటారు. చాలా కార్బ్యురేటర్లలో ఇంధనం ముందు దాన్ని దాటాకే లో స్పీడ్ నీడిల్‌కు చేరుతుంది, పైది మార్చితే కిందిదీ మారిపోతుంది కాబట్టి. ఎదుటి పక్షం చెప్పేదాంట్లోనూ పస ఉంది. కింద మరీ రిచ్‌గా ఉంటే ఐడ్లింగ్‌లో ఇంధనం లోపల పేరుకుని, థ్రాటిల్ ఇచ్చినప్పుడు ఇంజన్ గుడగుడమని తడబడుతుంది. దాన్ని చూసి పైది రిచ్ అనుకుని బిగిస్తే ఇంజన్ కాలిపోతుంది. ఆచరణలో కుదిరే దారి ఇది: ఇంజన్ పూర్తిగా వేడెక్కాక, లోపల పేరుకున్న ఇంధనం పోయేలా ఒకసారి బలంగా పరిగెత్తించి, హై స్పీడ్ చూడాలి. తర్వాత లో స్పీడ్, ఆపైన ఐడిల్. చివర్లో మళ్లీ హై స్పీడ్ సరిచూసుకోవాలి. ఒక్కోసారి తిప్పేది ఎనిమిదో వంతు చుట్టుకు మించకూడదు. దగ్గరికి వచ్చాక పదహారో వంతు. చల్లటి ఇంజన్ మీద చేసిన ట్యూనింగ్ అంతా వృథా.

లో స్పీడ్‌కు వాడే పరీక్ష అందరికీ తెలిసిందే. ఐడ్లింగ్‌లో ఉండగా కార్బ్యురేటర్ దగ్గర ఇంధనం పైపును వేళ్లతో నొక్కి పట్టాలి. చుట్లు కొద్దిగా పెరిగి రెండు మూడు సెకన్లలో ఆగిపోతే సరిగ్గా ఉన్నట్టు. వెంటనే ఆగితే లీన్, ఐదారు సెకన్లు లాగితే రిచ్. పైపు ఎక్కడ నొక్కారన్నదాన్ని బట్టి సమయం మారుతుందని దీన్ని నమ్మనివాళ్లూ ఉన్నారు. వాళ్లు పది పదిహేను సెకన్లు ఐడ్లింగ్‌లో ఉంచి ఒక్కసారిగా థ్రాటిల్ ఇస్తారు. తడబడి, పొగ కక్కి ఎత్తుకుంటే రిచ్. గొంతు నులిమినట్టు ఠక్కున ఆగితే లీన్. థ్రాటిల్ వదిలాక చుట్లు పైనే వేలాడి నెమ్మదిగా దిగితే లీన్ కావొచ్చు, ఎక్కడో గాలి లోపలికి పోతూ ఉండొచ్చు. గాలి పోతున్నప్పుడు నీడిళ్లు ఎంత తిప్పినా ఫలితం ఉండదు.

చెవా, థర్మామీటరా?

ఇన్‌ఫ్రారెడ్ గన్లు చవకయ్యాక అంకెకు ట్యూన్ చేయడం అలవాటైంది. 110 డిగ్రీలు చూపించిందంటే బాగున్నట్టు, 120 అంటే భయం. పాతవాళ్లు దీన్ని ఒప్పుకోరు. వాళ్ల అభ్యంతరం సబబే. మెరిసే లోహం తక్కువ వేడిని ప్రసరిస్తుంది, దాంతో గన్ తక్కువ చూపిస్తుంది. రంగు పూసిన హెడ్డు మీద వేరే అంకె, ప్లగ్గు గుంటలోకి గురిపెడితే ఇంకో అంకె. పెద్ద హెడ్డు, బాడీలో కోసిన గాలి రంధ్రం, బండి గేరింగు అన్నీ ఆ అంకెను మారుస్తాయి. ఒకరి బండి 105 దగ్గర లీన్‌గా, ఇంకొకరిది 125 దగ్గర సుఖంగా ఉండొచ్చు.

పొగ, శబ్దం, ఎత్తుకునే తీరు మిశ్రమం గురించి చెబుతాయి. ఉష్ణోగ్రత హద్దు గురించి మాత్రమే చెబుతుంది. పూర్తి థ్రాటిల్‌లో సన్నటి నీలి పొగ తీగ తెగకుండా కనిపించాలి. అది లేకపోతే అంకె ఎంతున్నా లీన్ అనే అనుకోవాలి. పొగ ఉన్నా హెడ్డు 130 దాటుతుంటే ఆపాలి. గన్ లేనివాళ్లకు నీటి చుక్క ఉంది. హెడ్డు మీద వేసిన చుక్క మూడు నాలుగు సెకన్లు చిటపటలాడి ఆవిరైతే ఫర్వాలేదు, పడగానే ఎగిరిపోతే ప్రమాదం. చెప్పుకోదగ్గ మరో సాక్షి గ్లో ప్లగ్గు. విప్పి చూస్తే తీగ తడిగా మెరుస్తుంటే రిచ్, పాలిపోయి వంకర తిరిగితే లీన్. ఒక్కో గుర్తూ ఒక్కోసారి మోసం చేస్తుంది. రెండు మూడు కలిసి చెబితే నమ్మాలి.

ఎండ కాస్తే బిగించాలా, వదలాలా?

ఇందులో తప్పు సలహా ఎక్కువ. ఎండగా ఉంది కాబట్టి ఇంజన్ వేడెక్కుతుంది, కాబట్టి ఇంధనం పెంచమంటారు. గాలి లెక్క దీనికి ఎదురు. వేడి గాలి పలచన. 25 డిగ్రీల గాలితో పోలిస్తే 45 డిగ్రీల గాలి సాంద్రత 6 శాతం తక్కువ. వడగాడ్పుల వేళ విజయవాడలోనో రామగుండంలోనో అదే నీడిల్ దగ్గర ఆక్సిజన్ తగ్గి మిశ్రమం తనంతట తానే రిచ్ అవుతుంది. విశాఖ ఉక్కపోతలో నీటి ఆవిరి ఇంకొంత చోటు ఆక్రమిస్తుంది. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది, అక్కడ గాలి ఒత్తిడి కోస్తాలో కన్నా ఐదారు శాతం తక్కువ. వీటన్నిటికీ నీడిల్‌ను కాస్త బిగించాలి. డిసెంబరు పొద్దుటి చిక్కటి చలిగాలికి వదలాలి. వేసవి మధ్యాహ్నం కుదిర్చిన నీడిల్‌తోనే చలికాలం బండి తీస్తే ఇంజన్ లీన్‌గా పరిగెత్తి పాడవుతుంది.

మరి ఎండలో హెడ్డు వేడెక్కడం అబద్ధమా? కాదు. చుట్టూ ఉన్న గాలే వేడిగా ఉంటే హెడ్డు చల్లారడం కష్టం. రెండూ నిజాలే, కానీ వేర్వేరు విషయాలు. మిశ్రమాన్ని పొగ, శబ్దం చూసి కుదుర్చుకోవాలి. అప్పటికీ వేడి తగ్గకపోతే బాడీలో గాలి దారి పెంచడం, చిన్న పినియన్ వేసి గేరింగు తేలిక చేయడం, నూనె ఎక్కువున్న ఇంధనం వాడడం చేయాలి. అన్నిటికీ నీడిల్‌నే మందుగా వాడడం వల్ల వచ్చిన గందరగోళం ఇది.

దీనికి తోడు దుమ్ము. మన మట్టి మైదానాల్లో ఎయిర్ ఫిల్టర్ ఫోమ్‌కు నూనె పట్టించకుండా నడిపిన ఒక్క ట్యాంకు, ఎంతో శ్రద్ధగా ఇచ్చిన రన్నింగ్‌ను మట్టిపాలు చేయగలదు. చర్చల్లో దీనికి దొరికే చోటు చాలా తక్కువ.

ఇంకా తేలనివి

మధ్య మధ్య చల్లార్చడం వల్ల లోపలి ఒత్తిళ్లు సడలి లోహం గట్టిపడుతుందనే మాట హీట్ సైకిల్ పక్షంలో బాగా వినిపిస్తుంది. ఇది నిలబడేలా లేదు. ఇత్తడిలోని లోపలి ఒత్తిళ్లు సడలాలంటే 250 డిగ్రీల దరిదాపు వేడి కావాలి, రన్నింగ్‌లో హెడ్డు మీద చదివేది 100 చిల్లర. చల్లార్చి మళ్లీ నడపడం వల్ల మేలు ఉంటే అది కొద్దికొద్దిగా, అతి వేడి లేకుండా అరగనివ్వడం వల్ల రావాలి. అలాంటప్పుడు పూర్తిగా చల్లారేదాకా ఆగాల్సిన అవసరం ఎంత? ఆ చల్లారిన ఇంజన్‌ను మళ్లీ తిప్పడంలోనే పించ్ మీద భారం పడుతుంది కదా? ఈ ప్రశ్నకు రెండు పక్షాలూ అనుభవాన్నే చూపిస్తాయి, కొలతను కాదు.

ఎన్ని ట్యాంకులన్నదీ అంతే. మూడని ఒకరు, పదని ఒకరు. స్లీవు తయారీలో బిగువు ఒక్కో కంపెనీకి ఒక్కో తీరు. ఒకే పెట్టెలోంచి తీసిన రెండు ఇంజన్లలో కూడా తేడా ఉండొచ్చు. అందుకే ట్యాంకులు లెక్కపెట్టడం కన్నా ఫ్లైవీల్ చేతికి చెప్పేది నమ్మదగింది: వేడిగా ఉన్నప్పుడు సాఫీగా తిరుగుతూ, చల్లారాక పై కొసన ఇంకా కాస్త పట్టు మిగిలి ఉంటే రన్నింగ్ పూర్తయినట్టు. చల్లగా ఉన్నప్పుడు కూడా పట్టు లేకపోతే ఆ స్లీవు ఆయుష్షు చివరికొచ్చినట్టు.

బ్రష్‌లెస్ మోటార్లు, లిథియం బ్యాటరీలు వచ్చాక ఈ చర్చే అవసరం లేదనేవాళ్లు పెరిగారు. వేగంలో, శుభ్రతలో ఆ బండ్లదే పైచేయి, ఇందులో వాదన లేదు. నైట్రోను ఇష్టపడేవాళ్లు ఇష్టపడేది వేగాన్ని ఒక్కదాన్నే కాదు. గాలి, వేడి, ఇంధనం మారినప్పుడల్లా తన చేతితో సరిచేసుకోవాల్సిన ఒక బతికున్న యంత్రాన్ని వాళ్లు ఇష్టపడతారు. ఆ ఇష్టానికి ఈ శ్రమ తప్పదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి. తేదీ, ఊరు, గాలి వేడి, ఇంధనం, నీడిళ్లు ఎన్ని చుట్లు, హెడ్డు వేడి, ఇవి ప్రతి ట్యాంకుకు ఒక వరసలో రాయండి. ఆపగానే పిస్టన్ కింది కొసకు వచ్చేలా ఫ్లైవీల్‌ను తిప్పి, ఆ చోట తెల్ల పెయింటుతో గుర్తు పెట్టుకోండి. ఇంజన్ చల్లారేటప్పుడు స్లీవు ముడుచుకుంటుంది, ఆ ఇరుకులో పిస్టన్ ఉండకూడదు.